ఎదువార్ గుబేర్: పారిస్ పార్లమెంటు నుంచి పుదుచ్చేరి తొలి ముఖ్యమంత్రి పీఠం దాకా

పుదుచ్చేరి: కేంద్రపాలిత ప్రాంతమైన పాండిచ్చేరికి 1963 జులై 1న తొలి ముఖ్యమంత్రిగా బాధ్యతలు స్వీకరించిన ఎదువార్ గుబేర్, అంతకు పన్నెండేళ్ల ముందు ఇదే నేల నుంచి ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీకి ఎన్నికైన నాయకుడు. రెండు దేశాల చట్టసభా జీవితాన్ని చవిచూసినవారు భారత రాజకీయాల్లో అరుదు. వారిలోనూ ఒక దేశపు అధికారానికి అండగా నిలిచి, చివరకు ఆ అధికారాన్నే సాగనంపిన వ్యక్తిగా గుబేర్‌ది మరింత విలక్షణ స్థానం. పుదుచ్చేరి సముద్రతీర రహదారికి, నగరం నడిబొడ్డునున్న పెద్ద మార్కెట్‌కు నేటికీ ఆయన పేరే ఉంది. ఇంగ్లీషు అక్షరాలను బట్టి దాన్ని గౌబర్ట్ అని చదివేవారే ఎక్కువ. కానీ ఆ పేరు వెనుక ఉన్న రాజకీయ జీవితం తెలుగు పాఠకులలో చాలామందికి అపరిచితం. యానాం భవితవ్యాన్ని తేల్చిన ఘట్టాలతో ముడిపడినందున ఆ జీవితం తెలుగువారికీ సంబంధించినదే.

రెండు లోకాల నడుమ పుట్టుక

గుబేర్ 1894 జులై 29న పాండిచ్చేరిలో జన్మించారు. ఫ్రెంచ్, భారతీయ మూలాలు రెండూ కలిసిన క్రియోల్ కుటుంబం ఆయనది. నాటి పాండిచ్చేరిలో ఈ వర్గం సంఖ్యలో స్వల్పమే అయినా న్యాయస్థానాల్లో, కార్యాలయాల్లో, పురపాలక సంఘాల్లో దానికి గణనీయమైన పలుకుబడి ఉండేది. గుబేర్ న్యాయరంగం నుంచే ప్రజాజీవితంలోకి వచ్చారు. ఫ్రెంచ్ చట్టం ఎలా నడుస్తుందో, గ్రామాల్లో తమిళ ప్రజలు ఎలా ఆలోచిస్తారో ఆయనకు సమంగా తెలుసు. తర్వాతి మూడు దశాబ్దాల రాజకీయ జీవితానికి ఈ ద్వంద్వ పరిచయమే పెట్టుబడి అయింది.

ఆయన అడుగుపెట్టిన రాజకీయ రంగం బ్రిటిష్ ఇండియాకు భిన్నమైనది. ఫ్రెంచ్ ఇండియా అంటే ఒకే ముక్కగా ఉన్న భూభాగం కాదు. తమిళ తీరంలో పాండిచ్చేరి, కారైకాల్. గోదావరి తీరాన యానాం. మలబారు తీరంలో మాహె. బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున చంద్రనగర్. ఈ ఐదు స్థావరాలకు పాండిచ్చేరి రాజధాని. ఇక్కడి నుంచి పారిస్ పార్లమెంటుకు ప్రతినిధిని పంపే సంప్రదాయం పంతొమ్మిదో శతాబ్దంలోనే స్థిరపడింది. బ్రిటిష్ ఇండియాలో ఓటు హక్కు కొద్దిమందికే పరిమితమైన కాలంలో ఇక్కడి సామాన్యులు ఓటర్లుగా నమోదయ్యారు. అయితే ఆ ఓటు స్వేచ్ఛగా పడేదని చెప్పడం కష్టం. ఓటర్ల జాబితాలు, ఓటరు కార్డులు మేయర్ల అధీనంలో ఉండేవి. పురపాలక సంఘం ఎవరి చేతిలో ఉంటే ఎన్నిక వారిదే. దౌర్జన్యాలు, దొంగ ఓట్లు ఎన్నికల్లో భాగమైపోయాయి. ఈ వ్యవస్థ గుట్టుమట్లు తెలిసిన నాయకుడే ఫ్రెంచ్ ఇండియాలో అసలైన పాలకుడు. గుబేర్ అలాంటి నాయకుడిగా ఎదిగారు.

సోషలిస్టు పార్టీ, సుబ్బయ్యతో పోరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో ఫ్రెంచ్ ఇండియాకు 44 మంది సభ్యుల ప్రతినిధి సభ ఏర్పడింది. ఆ ఏడాది చివర జరిగిన ఎన్నికల్లో జాతీయ ప్రజాస్వామ్య కూటమి 30 స్థానాలు గెలుచుకుంది. దాని వెనుక ఉన్న ప్రధాన శక్తి కమ్యూనిస్టు నాయకుడు వి. సుబ్బయ్య. 1936 జులై 30న పాండిచ్చేరి నూలు మిల్లు కార్మికులపై జరిగిన కాల్పుల్లో పన్నెండుమంది మరణించగా, ఆ పోరాటాన్ని పారిస్ దాకా తీసుకెళ్లి ఎనిమిది గంటల పనిదినం సాధించడంలో ముందు నిలిచిన నేత ఆయన. కార్మికవాడల్లో ఆయనకు తిరుగులేని పట్టు ఉండేది.

1947లో బ్రిటిష్ పాలన ముగియడంతో ఫ్రెంచ్ స్థావరాల భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. ఆ ఏడాదే గుబేర్ ఫ్రెంచ్ ఇండియా సోషలిస్టు పార్టీని స్థాపించారు. ఫ్రెంచ్ సమాఖ్యలో ఉంటూనే స్వయంపాలన పొందాలన్నది ఆ పార్టీ వైఖరి. కూటమి తరఫున గెలిచిన వారిలో పలువురు క్రమంగా కొత్త పార్టీ వైపు మళ్లారు. ఫ్రెంచ్ ప్రభుత్వం ఆరుగురు సభ్యులతో ఏర్పాటు చేసిన ప్రభుత్వ మండలిలో గుబేర్ ప్రధాన వ్యక్తి అయ్యారు. మంత్రివర్గాన్ని పోలిన ఈ మండలికి పరిమిత అధికారాలే ఉన్నా, గ్రామ స్థాయి మేయర్ల నుంచి గవర్నరు కార్యాలయం దాకా సాగే యంత్రాంగం ఆయన కనుసన్నల్లోకి వచ్చింది.

1948 జూన్‌లో భారత్, ఫ్రాన్స్ ఒక అంగీకారానికి వచ్చాయి. స్థావరాల భవిష్యత్తును అక్కడి ప్రజలే ఓటు ద్వారా నిర్ణయించుకోవాలన్నది దాని సారాంశం. ఓటు విధివిధానాలు తేల్చే బాధ్యత పురపాలక ప్రతినిధులకు దక్కడంతో, ఆ ఏడాది అక్టోబరులో జరిగిన పురపాలక ఎన్నికలు కీలకమయ్యాయి. పాండిచ్చేరి, కారైకాల్, యానాంలలో గుబేర్ పార్టీ విజయం సాధించింది. మాహెలో ఐ.కె. కుమారన్ నాయకత్వంలో ప్రజలు తిరగబడి కొద్దిరోజులు పాలనను తమ చేతుల్లోకి తీసుకోగా, ఫ్రెంచ్ దళాలు దాన్ని అణచివేశాయి. చంద్రనగర్ మాత్రం 1949 జూన్ 19న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 114 ఓట్లకు వ్యతిరేకంగా 7,473 ఓట్లతో భారత్‌ను ఎంచుకుంది. మరుసటి ఏడాది మే 2న ఆ పట్టణం భారత పాలనలోకి వచ్చింది.

మిగిలిన నాలుగు స్థావరాల్లో ఓటు జరగలేదు. ఆ కాలంలో విలీనవాదులపై దాడులు పెరిగాయి. 1950 జనవరిలో సుబ్బయ్య నివాసాన్ని ఫ్రెంచ్ అనుకూల మూకలు తగలబెట్టాయి. 1951లో వచ్చిన తటస్థ పరిశీలకుల బృందం, అప్పటి పరిస్థితుల్లో స్వేచ్ఛాయుతమైన ప్రజాభిప్రాయ సేకరణ సాధ్యం కాదని తేల్చింది. ఓటరు జాబితాల తీరు, భయాందోళనల వాతావరణం ఆ నిర్ణయానికి కారణాలు. ఆ యంత్రాంగం ఎవరి అదుపులో ఉందో పాండిచ్చేరిలో అందరికీ తెలుసు. అదే ఏడాది జూన్ 17న జరిగిన ఎన్నికలో, అప్పటిదాకా పారిస్‌లో ప్రతినిధిగా ఉన్న లాంబేర్ సరవాన్‌ను ఓడించి గుబేర్ ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీలో అడుగుపెట్టారు.

ఎదురుతిరిగిన మిత్రుడు

గుబేర్ బలం పరాకాష్ఠకు చేరిన వేళే ఆయన ఆధారపడిన నేల కదలడం మొదలైంది. 1949లో భారత్ కస్టమ్స్ ఒప్పందాన్ని ముగించి పాండిచ్చేరి చుట్టూ తనిఖీ కేంద్రాలు ఏర్పాటు చేసింది. ఫ్రెంచ్ రేవులో సుంకం లేకుండా దిగిన బంగారం, వజ్రాలు, విలాస వస్తువులు దొంగచాటుగా భారత భూభాగంలోకి ప్రవహించాయి. ఈ వ్యాపారం కొందరిని కోటీశ్వరులను చేసింది. అయితే సామాన్య ప్రజలకు సరిహద్దు అంటే రోజువారీ యాతన. బియ్యం, బొగ్గు, విద్యుత్తు, మిల్లులకు కావలసిన ముడిసరకు అన్నీ చుట్టూ ఉన్న మద్రాసు రాష్ట్రం మీదుగానే రావాలి. భారత్ పట్టు బిగించే కొద్దీ పాండిచ్చేరికి ఊపిరాడలేదు.

1952 చివరికి భారత ప్రభుత్వం ప్రజాభిప్రాయ సేకరణ ప్రతిపాదనను పక్కనబెట్టి, స్థావరాలను నేరుగా అప్పగించాలని కోరింది. ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. ఆ సమయంలోనే ఫ్రెంచ్ అధికారులకు, సోషలిస్టు నాయకులకు మధ్య సంబంధాలు చెడ్డాయి. గుబేర్, ఆయన సహచరుల ఆర్థిక వ్యవహారాలపై, పరిపాలనలో అక్రమాలపై ఫ్రెంచ్ యంత్రాంగం కన్నేసింది. విచారణ ముప్పు ముంచుకొచ్చినందుకే ఆయన పక్షం మారారన్నది విమర్శకుల వాదన. ఫ్రాన్స్ వలస సామ్రాజ్యం కూలుతున్న సంగతి అందరికన్నా ముందు గ్రహించి, తన ప్రజలకు నెత్తురు చిందని దారి వెతికారన్నది అనుయాయుల వాదన. రెండింటిలోనూ కొంత సత్యం ఉండటానికి అవకాశం లేకపోలేదు. ఆ రోజుల్లో పాండిచ్చేరిలో భారత కాన్సుల్ జనరల్‌గా ఉన్న కేవల్ సింగ్ ఈ చీలికలోని విలువను గుర్తించారు. విలీనానికి నిన్నటిదాకా అడ్డుగోడగా ఉన్న నాయకుడే దానికి ద్వారం కాగలడని ఆయన అంచనా.

1954 మార్చి 18న ఆ ద్వారం తెరుచుకుంది. పాండిచ్చేరి ప్రాంతంలోని ఎనిమిది కమ్యూన్ల ప్రతినిధులు, ప్రభుత్వ మండలి సభ్యులు ఏకమై ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే భారత్‌లో విలీనం చేయాలని తీర్మానించారు. గుబేర్‌తో పాటు పాండిచ్చేరి మేయర్ ముత్తు పిళ్లై ఈ ప్రయత్నంలో ముందు నిలిచారు. ఫ్రాన్స్ దిగ్భ్రాంతికి గురైంది. ఎన్నికల్లో తమకు మెజారిటీ తెచ్చిపెట్టిన మేయర్లే, ఆ మెజారిటీని ఆసరాగా చేసుకుని తమను వెళ్లిపొమ్మన్నారు. ఆ ఎన్నికలు చెల్లవని ఫ్రెంచ్ ప్రభుత్వం అనలేని స్థితి. అంటే అన్నేళ్లుగా తాను నడిపిన పాలనే చెల్లదని ఒప్పుకున్నట్లవుతుంది.

నెట్టపాక్కంలో జెండా

తర్వాతి ఘట్టంలో గుబేర్‌కు పటమే ఆయుధమైంది. సుమారు 290 చదరపు కిలోమీటర్ల పాండిచ్చేరి ప్రాంతం ఒక చోట కూర్చిన భూమి కాదు. భారత గ్రామాల నడుమ ద్వీపాల్లా విసిరేసిన ముక్కల సమాహారం. నగరానికి దూరంగా ఉన్న నెట్టపాక్కం కమ్యూన్‌కు వెళ్లాలంటే భారత భూభాగాన్ని దాటక తప్పదు. భారత్ దారి ఇవ్వకపోతే ఫ్రెంచ్ పోలీసులకు అక్కడికి అదనపు బలగాలు పంపే మార్గం లేదు.

మార్చి 31న విలీనవాదులు నెట్టపాక్కం పోలీసు స్టేషన్‌ను స్వాధీనం చేసుకుని భారత జెండా ఎగురవేశారు. గుబేర్ నాయకత్వంలో అక్కడ తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీకి తనను ఎన్నుకున్న గడువు ఇంకా ముగియకముందే ఆ దేశపు పాలనపై తిరుగుబాటు ప్రభుత్వానికి అధిపతి కావడం వలస పాలనల చరిత్రలో అపూర్వమైన సంగతి. కొద్దిరోజుల్లోనే మరికొన్ని గ్రామాలు అదే బాట పట్టాయి. మరోవైపు సుబ్బయ్య నేతృత్వంలోని కమ్యూనిస్టులు తమ సొంత శిబిరాల నుంచి పోరాటం సాగించారు. ఏళ్ల తరబడి విలీనం కోసం దెబ్బలు తిన్నవారికి, నిన్నటి ప్రత్యర్థి విమోచన నాయకుడిగా అవతరించడం మింగుడుపడని విషయం. రెండు శిబిరాల లక్ష్యం ఒక్కటే అయినా పాత గాయాలు మానలేదు.

ఈ కదలిక యానాంకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. యానాం ప్రాంతానికి చెందిన దడాల రఫేల్ రమణయ్య ఫ్రెంచ్ కొలువు వదిలి విమోచన ఉద్యమంలోకి వచ్చిన తెలుగు నాయకుడు. పాండిచ్చేరి పరిణామాలలో పాల్గొన్న ఆయన గోదావరి తీరానికి వెళ్లి వలంటీర్లను కూడగట్టారు. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచ్ పాలన నుంచి విముక్తమైంది. పాండిచ్చేరిలో గవర్నరు ఇంకా కొనసాగుతుండగానే అక్కడ భారత జెండా రెపరెపలాడింది. జులై 16న మాహె కూడా ఫ్రెంచ్ చేతుల నుంచి జారిపోయింది.

కీళూరులో 178 మంది

అంతర్జాతీయ పరిస్థితులూ కలిసివచ్చాయి. 1954 మే 7న వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూ వద్ద ఫ్రెంచ్ సైన్యం ఓటమి పాలైంది. జూన్‌లో ఫ్రాన్స్ ప్రధానిగా వచ్చిన పియేర్ మెండెస్ ఫ్రాన్స్ ఇండోచైనా యుద్ధానికి ముగింపు పలికారు. అంత పెద్ద భూభాగాన్ని వదులుకున్నాక, మూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న చిన్న స్థావరాల కోసం నెహ్రూ ప్రభుత్వంతో వైరం పెంచుకోవడం పారిస్‌కు అర్థరహితంగా తోచింది.

అయినా ఒక చిక్కుముడి మిగిలింది. ప్రజలను అడగకుండా భూభాగాన్ని వదులుకోవడానికి ఫ్రెంచ్ రాజ్యాంగం ఒప్పుకోదు. ప్రజాభిప్రాయ సేకరణకు భారత్ సిద్ధంగా లేదు. మధ్యేమార్గంగా, ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులే ప్రజల తరఫున ఓటు వేయాలని రెండు ప్రభుత్వాలు అంగీకరించాయి. 1954 అక్టోబరు 18న సరిహద్దు గ్రామమైన కీళూరులో ప్రతినిధి సభ సభ్యులు, పురపాలక సభ్యులు సమావేశమయ్యారు. ఓటు వేసిన 178 మందిలో 170 మంది విలీనానికి అనుకూలంగా, 8 మంది వ్యతిరేకంగా నిలిచారు. వారిలో అధిక సంఖ్యాకులు గుబేర్ యంత్రాంగం ద్వారానే పదవుల్లోకి వచ్చినవారు. అక్టోబరు 21న ఢిల్లీలో ఒప్పందంపై సంతకాలు జరిగాయి. నవంబరు 1న పాండిచ్చేరి, కారైకాల్, మాహె, యానాం భారత పాలనలోకి వచ్చాయి. కేవల్ సింగ్ తొలి చీఫ్ కమిషనర్‌గా బాధ్యతలు చేపట్టారు.

పదవి, పక్కకు తప్పుకోవడం

విలీనం తర్వాత సోషలిస్టు పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. గుబేర్ కొత్త వ్యవస్థలోనూ అగ్రశ్రేణి నాయకుడిగానే కొనసాగారు. అయితే చట్టపరంగా పాండిచ్చేరి భవితవ్యం మరో ఎనిమిదేళ్లు త్రిశంకు స్వర్గంలోనే ఉంది. 1956 మే 28న అప్పగింత ఒప్పందం కుదిరినా, అల్జీరియా యుద్ధంలో చిక్కుకున్న ఫ్రాన్స్ దానికి ఆమోదముద్ర వేయడానికి వెనుకాడింది. ఒక భూభాగాన్ని వదులుకుంటే మరోచోట అదే డిమాండ్ వస్తుందన్నది ఆ దేశపు సంకోచం. 1962లో అల్జీరియా స్వాతంత్ర్యం పొందాకే ఫ్రెంచ్ పార్లమెంటు ఒప్పందాన్ని ఆమోదించింది. ఆ ఏడాది ఆగస్టు 16న బదిలీ చట్టబద్ధంగా పూర్తయింది.

కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం 1963 జులై 1న అమల్లోకి రావడంతో ప్రతినిధి సభ శాసనసభగా మారింది. 68 ఏళ్ల గుబేర్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఫ్రెంచ్ చట్టాల స్థానంలో భారత చట్టాలను క్రమంగా ప్రవేశపెట్టడం, రెండు భిన్న పరిపాలనా పద్ధతుల మధ్య ఉద్యోగులను సర్దుబాటు చేయడం ఆ ప్రభుత్వం ముందున్న పని. గవర్నరు దర్బారును, ఫ్రెంచ్ దస్త్రాలను ఆనుపానులతో ఎరిగిన నాయకుడు ఆ సంధికాలానికి ఉపయోగపడ్డారు.

కానీ ఆయన పాలన ఏడాదికి మించి ఎంతోకాలం సాగలేదు. 1964లో శాసనసభకు జరిగిన తొలి ఎన్నికల్లో కాంగ్రెస్ 30 స్థానాలకు 22 గెలిచింది. అయినా పార్టీ కొత్త నాయకత్వాన్ని కోరుకుంది. ఆ ఏడాది సెప్టెంబరు 11న వి. వెంకటసుబ్బా రెడ్డియార్ ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగు మూలాలున్న రెడ్డియార్ సమాజానికి చెందిన ఆయన స్వగ్రామం మడుకరై, పదేళ్ల క్రితం గుబేర్ తాత్కాలిక ప్రభుత్వానికి ఆశ్రయమిచ్చిన నెట్టపాక్కం ప్రాంతంలోనిదే. ఫ్రెంచ్ కాలపు పలుకుబడి నుంచి భారతీయ గ్రామీణ పునాదులున్న నాయకత్వానికి అధికారం చేతులు మారిందనడానికి ఈ మార్పు సూచిక. మేయర్ల గుప్పిట్లో ఉన్న ఓటరు కార్డులతో సాగిన రాజకీయానికి, ఎన్నికల సంఘం నిర్వహించే ఎన్నికల్లో చోటు లేదు. గుబేర్‌ను శిఖరానికి చేర్చిన పద్ధతి ఆయన కళ్లెదుటే చరిత్రలో కలిసిపోయింది. 1969లో ద్రవిడ మున్నేట్ర కళగం, కమ్యూనిస్టులతో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేయగా, పాత ప్రత్యర్థి సుబ్బయ్య ఆ మంత్రివర్గంలో సభ్యుడయ్యారు.

ఒప్పందంలో మిగిలిన వాగ్దానం

గుబేర్ జీవితంపై తీర్పు చెప్పడం ఇప్పటికీ తేలిక కాదు. 1948 తర్వాత ప్రజలు స్వేచ్ఛగా ఓటు వేసే పరిస్థితి లేకుండా పోవడంలో ఆయన యంత్రాంగానికి వాటా ఉంది. 1954లో పెద్ద రక్తపాతం లేకుండా ఫ్రెంచ్ పాలన ముగియడంలోనూ ఆ యంత్రాంగానికే వాటా ఉంది. గోవాలో సైనిక చర్య అవసరమైంది. పాండిచ్చేరిలో ఒక తీర్మానం, ఒక ఓటింగ్ సరిపోయాయి. ఆ తేడాలో గుబేర్ మలుపు పాత్ర కాదనలేనిది. అదే సమయంలో, ఏళ్ల తరబడి జైళ్లు, బహిష్కరణలు భరించిన విలీనవాదుల త్యాగం లేకపోతే ఆ మలుపుకు అర్థమే ఉండేది కాదు.

కీళూరులో 178 మంది వేసిన ఓటు లక్షల మంది సామాన్యులకు దక్కలేదు. ఆ లోటును అప్పగింత ఒప్పందం కొంతమేర పూడ్చింది. ఈ స్థావరాల ప్రత్యేక పరిపాలనా హోదా కొనసాగుతుందని, దాన్ని మార్చదలిస్తే ప్రజల అభీష్టం తెలుసుకున్నాకే మార్చాలని అందులో రాసుకున్నారు. మూడు రాష్ట్రాల మధ్య చెదిరి ఉన్న నాలుగు ప్రాంతాలు ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా మిగలడానికి, ఆంధ్రప్రదేశ్ నడుమ ఉన్న యానాం నేటికీ పుదుచ్చేరి శాసనసభకు సభ్యుణ్ని పంపడానికి ఆ హామీయే పునాది.

ఆ వాగ్దానానికి 1979 జనవరిలో పరీక్ష ఎదురైంది. పాండిచ్చేరిని తమిళనాడులో కలపాలన్న ప్రధాని మొరార్జీ దేశాయ్ ఆలోచనపై నగరం భగ్గుమంది. వీధుల్లోకి వచ్చిన జనంపై జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కేంద్రం వెనక్కి తగ్గింది. 1954లో తమ తరఫున ఇతరులు వేసిన ఓటును, పాతికేళ్ల తర్వాత ప్రజలు తామే వీధుల్లోకి వచ్చి వేసినట్లయింది. అప్పటికి 84 ఏళ్ల వృద్ధుడైన గుబేర్ ఆ నగరంలోనే ఉన్నారు. అదే ఏడాది ఆగస్టు 14న, భారత స్వాతంత్ర్య దినోత్సవానికి ఒక రోజు ముందు, పాండిచ్చేరిలో కన్నుమూశారు.